జొన్నలు పీల్చిన ఊపిరి

పిల్లలకు తిండి పెట్టే తల్లికి దిగుళ్లు రెండు రకాలు. బిడ్డ తినడం లేదన్నది ఒకటి, తిన్నది ఎటు పోతోందో తెలియడం లేదన్నది రెండోది. ఓబులేసు కల్లంలో కాపురముండే చుక్కలమ్మ అనే కోడిపెట్టకు ఆ శ్రావణ మాసంలో రెండో దిగులు పట్టుకుంది.

ఆమె పిల్లలందరూ అప్పుడే రెక్కలు విదిలించి కల్లం మీద పెత్తనాలు చేస్తున్నారు. అందరికంటే ఆలస్యంగా గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన చివరోడు మాత్రం గుప్పెడైనా లేడు. పోనీ తినడా అంటే, తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా వాడి ముక్కు నేల మీద నుంచి లేవదు. తినడం, వణకడం, తల్లి కాళ్ల సందున దూరడం, మళ్లీ ఆకలని కిచకిచలాడడం. చూసేవాళ్లు తల్లి కడుపు మాడ్చుతోందనుకుంటారేమోనని చుక్కలమ్మకు తలకొట్టేసినట్టుగా ఉండేది.

ఆ పూట ముసురు విడిచి ఎండ కాసింది. కల్లం మధ్యన జొన్న పాతర తెరిచి ఉంది. పాతరంటే నల్లరేగడి నేలలో బావిలా తవ్విన గింజల కొట్టు. అందులో జొన్నలు పోసి, మూతికి బండ వేసి, మట్టితో మెత్తేస్తారు. సగం గింజలు ఎండాకాలంలోనే తీసేసి మళ్లీ మెత్తిన ఆ పాతరను ఓబులేసు పొద్దున తెరిచాడు. గింజలు పైకి చేదడానికి గిలక బిగించి, మోకు ఒక చివర గంప కట్టి లోపలికి దించాడు. రెండో చివర ముసలి ఎద్దు సుద్దన్న మెడ మీది కాడికి కట్టాడు. తర్వాత ఒక లాంతరు వెలిగించి తాడుతో పాతరలోకి వదిలాడు. బారెడు దిగిందో లేదో, దీపం గుటుక్కున ఆరిపోయింది. ఓబులేసు లాంతరు పైకి లాగి, "కాసేపు గాలాడనీ, బువ్వ తిని వద్దాం" అని కూలీలను, కుక్కను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లాడు.

కల్లంలో సందడి తగ్గగానే చుక్కలమ్మ సుద్దన్న ముందు చేరింది.

"మామా, వీని కడుపుకేమన్నా చిల్లు పడిందా? పొద్దున నూకలు తినినాడు. ఆమీద చెదలు తినినాడు. ఇప్పుడు మళ్లా ఆకలంటాండాడు. ఇంత తిండీ యాడికి పోతాంది?"

సుద్దన్న నెమరు ఆపలేదు. ఎద్దును ఒక మాట అడిగితే జవాబు నాలుగు పొట్టలూ తిరిగి రావాలి. చుక్కలమ్మ ఈలోపు రెండు పురుగులు ఏరుకుంది.

"చిల్లు గాదమ్మా, పొయ్యి," అన్నాడు చివరికి.

"ఏం పొయ్యి?"

"ఒంట్లో పొయ్యిలుంటాయి. మాంసం ఎంత చిన్న తునక గిల్లినా అందులో లెక్కలేనన్ని గదులు. కంటికి ఆనవు. ఆ గదుల్లో రేయింబగళ్లు పొయ్యిలు రాజుకుంటా ఉంటాయి. మనం తిన్నది కడుపులో మెదిగి, కరిగి, నెత్తురులో కలిసి ఆ గదుల కాడికి పోతాది. పొయ్యిలోకి అదే కట్టె."

"మంట ల్యాకుండా కాలుతాదా?"

"మంటా ల్యాకుండా, పొగా ల్యాకుండా, నిదానంగా. నీ బిడ్డ ఒంటి మీద చెయ్యి పెట్టి చూడు."

"నాకు చెయ్యి యాడిదప్పా?"

"అయితే రెక్క పెట్టు. వెచ్చగా లేదూ? ఆ వేడి యాడినుంచి వచ్చింది మరి? నువ్వు పెట్టిన నూకల్లో నుంచే."

చుక్కలమ్మ బిడ్డ మీద రెక్క వేసి చూసింది. వెచ్చగానే ఉంది. తన నూకలు వృథా పోలేదని కొంచెం ధైర్యం వచ్చింది కానీ, అంతలో మళ్లీ ముఖం ముడుచుకుంది. "తిన్నదంతా కాలిపోతే వీడు పెరిగేదెప్పుడు?"

"చెంబులో నీళ్లు తొందరగా చల్లారతాయా, పెద్ద కాగులో నీళ్లా?"

"చెంబులో నీళ్లే."

"వాడు చెంబు. నేను కాగు. నాకు వేడి నిలుస్తాది, వానికి నిలవదు. తిన్నదాంట్లో శానా వంతు వెచ్చగుండేదానికే కాలిపోతాది. నువ్వు ఎక్కువసేపు రెక్క కింద పెట్టుకో. ఆ కట్టె మిగిలి ఒళ్లు పడతాది."

ఇంతవరకూ చుక్కలమ్మ శ్రద్ధగానే విన్నది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ సుద్దన్నకు మాట్లాడేవాళ్లు దొరకడమే తక్కువ. దొరికితే మెడ మీది కాడి కూడా మరిచిపోతాడు.

"కట్టె కాలినంత మాత్రాన పని అయిపోదమ్మా. ఓబులేసు పెండ్లాం సుంకమ్మ ఏం చేస్తాది? పిండి చేతికిచ్చి కూలోళ్లను పొలానికి పొమ్మంటాదా? సంగటి కెలికి, ముద్దలు చేసి, మనిషికొక ముద్ద పెడతాది. ఆ పొయ్యిలూ అంతే. తిన్నదాన్ని సత్తువ ముద్దలు చేసి పెడతాయి. రెక్క ఆడాలంటే ముద్ద. కన్ను తిరగాలంటే ముద్ద. గుండె కొట్టుకోవాలంటే ముద్ద. ఆ ముద్దలు నిలవుండవు. వేడివేడిగా చేసేది, వేడివేడిగా అయిపోయేది."

"నిద్రపోయినప్పుడన్నా పొయ్యి ఆర్పుకోవచ్చు గదా?"

"గుండె నిద్రపోతాదా తల్లీ? ఇంకోటి విను. కట్టె ఉన్నంత మాత్రాన పొయ్యి మండదు. గొట్టంతో ఊదాల. మన ఊపిరే ఆ ఊదుడు. ఊపిరి అందకపోతే ఎంత తిన్నా పచ్చికట్టె మాదిరి పడి ఉంటాది, ముద్ద రాదు. ఈ పాతరలో జొన్నలు కూడా..."

"జొన్నలకేమొచ్చింది మధ్యలో?"

"అవీ బతికుండాయి. నేలలో పడితే మొలిచేది బతికుండబట్టే గదా. వాటిల్లోనూ పొయ్యిలుండాయి, నిద్రపోయే బిడ్డ ఊపిరంత సన్నగా. మూత మెత్తిన పాతరలో అన్ని గింజలు పీలుస్తా, వదుల్తా ఉంటే లోపల మంచి గాలి అయిపోతాది. అందుకే పొద్దున లాంతరు ఆరిపోయింది. దీపం ఆరిన చోట ఒంట్లో పొయ్యీ ఆరుతాది."

చుక్కలమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "చాలు మామా! పుట్టినప్పటి నుంచి జొన్నలు మింగుతాండా. ఒక్క గింజన్నా నా గొంతులో తుమ్మలేదు."

సుద్దన్నకు కోపం రాలేదు. నవ్వినవాళ్ల మీద కోపం తెచ్చుకునే ఓపిక ఆయనకు ఎప్పుడో పోయింది. చెవులు ఒకసారి విదిలించి నెమరులో పడ్డాడు.

సరిగ్గా అప్పుడే గడ్డివామి వెనక నుంచి ఇంకో నవ్వు వినపడింది. చుక్కలమ్మ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. గుట్టయ్య, గుట్ట మీది గుంటనక్క, తీరిగ్గా నడుచుకుంటూ వచ్చాడు. మాటల్లో పడి తల్లి చూసుకోలేదు గానీ, చివరోడు ఎప్పుడో రెక్క కింద నుంచి జారి పాతర పక్కన ఎండకు కాగిన బండ మీద కునుకు తీస్తున్నాడు. గుట్టయ్య పోయి పోయి ఆ బండ దగ్గరే ఆగి, దిండు సర్దుకున్నంత నిమ్మళంగా వాడి మీద కాలు పెట్టాడు.

"జొన్నలకు ముక్కులు మొలిచినాయంట! ఏం సుద్దన్న మామా, సెనగలకు మూతులు కూడా మొలిచినాయా? బలం యాడుంటాదో నేను చెప్తా విను. కడుపులో ఉంటాది. కడుపు నిండితే కాలు లేస్తాది. ఇంతకు మించి శాస్త్రం లేదు. నన్ను చూడు. వాగు కాడ చచ్చిన గొర్రె దొరికింది, మెడ దాకా తినినా. ఇప్పుడు నన్ను ఆపేవాడెవడు?"

"నీ కడుపు నిండింది గదా మరిదీ, మరి నా బిడ్డ మీద కాలెందుకు?" అంది చుక్కలమ్మ.

"బువ్వ తిన్నాక వక్కపలుకు వేసుకోరా వదినా?"

సుద్దన్న అటు తిరగబోయాడు. మోకు కాళ్లకు చుట్టుకుని, పాతరలో గంప కదిలింది తప్ప బండ దాకా రావడం ఆయన వల్ల కాలేదు. కుక్క ఇంటి దగ్గర ఉంది. ఎగిరి గుట్టయ్య కళ్లు పొడవాలంటే, తాను ఎగిరే లోపల బిడ్డ ఆ నోట్లో ఉంటాడు. చుక్కలమ్మకు లోకమంతా ఆ కాలి కింద ఉన్నట్టు అనిపించింది. చివరోడు ఏడవడం కూడా లేదు. కళ్లు మాత్రం తెరిచి తల్లిని చూస్తున్నాడు.

ఆ చూపుకు ఆమెకు పొద్దున ఆరిపోయిన లాంతరు గుర్తొచ్చింది. మామ చెప్పింది నిజమో సోదో తనకు తెలియదు. దీపం ఆరడం మాత్రం తన కళ్లతోనే చూసింది.

"పిచ్చి మరిదీ!" అంది, ఎక్కడ లేని జాలి తెచ్చుకుని. "వాణ్ణి తింటే నీకేమొస్తాది? తిన్నదంతా వేడికే కాలిపోయి ఒంట్లో ఏమీ మిగల్లేదని ఇప్పుడే గదా మామ చెప్పె. ఈకలూ ఎముకలే. ఇంత దూరం వచ్చి, ఆ పాతరలో పందికొక్కులను వదిలేసి వీని మీద పడితివే!"

గుట్టయ్య చెవులు నిలబడ్డాయి. "ఏం పందికొక్కులు?"

"ఎండాకాలం నుంచి లోపలే ఉండాయి. కాలు కదిపే పని లేదు. జొన్నల మీదే పడక, జొన్నలే కూడు. ఒక్కోటి నీ తలకాయంత ఉంటాది."

"మరి చప్పుడు ల్యాదే?"

"తిని పడుకున్నోళ్లు చప్పుడు చేస్తారా?"

గుట్టయ్య నక్క. నక్క దేన్నీ ఒకరి మాట మీద నమ్మదు. చుక్కలమ్మను పక్కన పెట్టి, ఎద్దు వైపు తిరిగాడు. "మామా, నీకు అబద్ధం రాదని ఊరంతా చెప్పుకుంటాది. పాతరలో పందికొక్కులుండాయా?"

చుక్కలమ్మ కూడా సుద్దన్న వైపు తిరిగింది. మామా, ఈ ఒక్కసారికి అబద్ధమాడు, నీ పుణ్యముంటాది, అని కళ్లతోనే వేడుకుంది. ఎద్దుకు కళ్లతో చెప్పే మాటలు అర్థమైతే ఇన్నేళ్లు కాడి ఎందుకు మోస్తాడు?

"ఏమీ లేవు," అన్నాడు సుద్దన్న. "ప్రాణమున్నది ఏదీ దాంట్లో నిలవదు. మంచి గాలంతా జొన్నలు పీల్చేసినాయి. దిగొద్దు గుట్టయ్యా, దిగితే చస్తావు."

అయిపోయింది అనుకుంది చుక్కలమ్మ. ఈ నిజాయితీ నెత్తిన బండ పడ, అని మనసులో మామను తిట్టింది కూడా.

గుట్టయ్య మాత్రం పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. అందరూ తనలాగే ఆలోచిస్తారనుకోవడం తెలివిగలవాడి జబ్బు. "ఓహో! ఇంటి గింజ ఇంకొకరు ముట్టకూడదని ఎద్దు గారి కావలి! వొద్దు వొద్దంటాండావంటే ఉండాయన్నమాటే. ముక్కుల్లేని జొన్నలు గాలి పీల్చినాయంట. నన్ను మోసం చేయాలంటే కాస్త నమ్మే అబద్ధం చెప్పాల మామా."

వంగి చివరోణ్ణి నోట కరుచుకోబోయాడు. చుక్కలమ్మ గబుక్కున అడిగింది. "వాణ్ణి నోట్లో పెట్టుకుంటే పందికొక్కులను దేంతో పడతావు?"

గుట్టయ్య ఆగాడు. అది సబబైన మాటే. చుట్టూ చూస్తే ఖాళీ గంప ఒకటి కనపడింది. దాన్ని చివరోడి మీద బోర్లించి, పైన రాయి దొర్లించి పెట్టాడు. "మళ్లా వచ్చి వక్కపలుకు నోట్లో వేసుకుంటా," అన్నాడు. కోడిపిల్లల మీద గంప బోర్లించడం సుంకమ్మ రోజూ సందెవేళ చేసే పనే. ఆ పని నక్క చేతుల మీదుగా జరగడం మాత్రం ఆ కల్లంలో అదే మొదలు.

అందరినీ ఒకసారి కలియజూసి గుట్టయ్య పాతరలోకి దూకాడు.

కింద జొన్నలు గలగలమన్నాయి. "యాడ దాక్కున్నారు రా?" అన్న గొంతు గుంతలో గుంయ్‌మని మోగింది. జొన్నలు కెలికిన చప్పుడు. తర్వాత రొప్పు. కొలిమి తిత్తి కొట్టినట్టు బిరబిరా రొప్పు. చుక్కలమ్మ గంప చుట్టూ గిరగిరా తిరుగుతూనే చెవి అటు వేసి ఉంచింది.

"వదినా," అన్నాడు లోపల నుంచి. "తల తిరుగుతాంది."

"పందికొక్కులు దొరికినాయా మరిదీ?"

"కాళ్లు లేస్తా లేవు. కడుపు నిండా ఉండాది, కాళ్లు మాత్రం లేస్తా లేవు వదినా."

చుక్కలమ్మ మెడ నిక్కించింది. మామ చెప్పింది సోది కాదన్నమాట! కట్టె నిండుగా ఉంది, ఊదే గొట్టం లేదు. ముద్దలు రావడం ఆగిపోయి కాళ్లు ఆగిపోయాయి. ఇంకాసేపుంటే గుండె వంతు. పోనీ, పీడ విరగడవుతుంది, అనుకుంది. ఆ గుట్ట నక్క నోట్లో పడిన పిల్లలు ఆమెకు గుర్తు లేకపోలేదు.

అప్పుడు పాతర గోడ మీద గోళ్లతో గీరిన చప్పుడు వచ్చింది. చాలా మెల్లగా. ఒకసారి గీరి, ఆగి, ఇంకొంచెం మెల్లగా ఇంకోసారి.

చుక్కలమ్మ నిలుచున్న చోటే ఆగిపోయింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. చివరోడు గుడ్డులో ఉండి కొట్టిన చప్పుడు అట్లాగే ఉండేది. మిగతా గుడ్లన్నీ పగిలాక కూడా ఆ ఒక్క గుడ్డు మాత్రం లోపల టిక్కుమనేది, ఆగేది. లోపల గాలి చాలక, పెంకు పగలగొట్టే సత్తువ లేక బిడ్డ కొట్టుకుంటున్నాడని ఆమె ఒంటికి తెలిసింది. తన ముక్కుతో పెంకును చిదిపి, ఆ కంతలో నుంచి వాడు మొదటి ఊపిరి తీసే దాకా కంటి రెప్ప వేయలేదు.

"చుక్కలమ్మా," అన్నాడు సుద్దన్న. "మోకు నా మెడ మీదుంది. నేను నాలుగడుగులేస్తే గంప పైకొస్తాది. కానీ బిడ్డ నీది. నువ్వు చెప్పు."

చుక్కలమ్మకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. గుట్టయ్య మీద కోపమో, తన మెత్తదనం మీద కోపమో ఆమెకే తెలియలేదు. పాతర అంచుకు పరిగెత్తి తల వంచి అరిచింది. "ఒరే మరిదీ! నీ పక్కన గంపుంది. దాంట్లోకి దొర్లు! లేయాలని చూడొద్దు, దొర్లు చాలు! లాగు మామా, తొందరగా లాగు!"

సుద్దన్న కాళ్లు నేలకు తన్ని లాగాడు. గిలక కీచుమంది. మోకు బిగిసి గంప పైకి తేలింది. అందులో గుట్టయ్య తడిగుడ్డలా వేలాడుతున్నాడు. కాలు ఒకటి గంప బయట ఊగుతోంది. నాలుక ఇంకో పక్క ఊగుతోంది. పాతర మూతి దగ్గరకు రాగానే గాలి తగిలి ఒక్కసారి గుండె నిండా పీల్చాడు. ఆ తర్వాత ఇంకోటి. మెల్లగా గంపలో నుంచి నేల మీదికి జారిపడ్డాడు.

సుద్దన్న వెనక్కి తిరిగి, మోకు కాళ్లకు చుట్టుకోకుండా నిదానంగా వచ్చి, పెద్ద ముక్కుతో వాడి ముఖం మీద ఒకసారి ఊదాడు. తర్వాత కొమ్ములు వంచాడు. "ముందు ఆ రాయి తియ్యి," అన్నాడు.

గుట్టయ్య వణికే కాళ్లతో పాకి, మూతితో రాయి దొర్లించి, గంప పక్కకు నెట్టాడు. చివరోడు ఒక్క ఉరుకున తల్లి రెక్క కింద దూరాడు. దూరి, "అమ్మా, ఆకలి," అన్నాడు.

చుక్కలమ్మ పుట్టిన తర్వాత అంత తియ్యటి మాట వినలేదు.

"వదినా," అన్నాడు గుట్టయ్య నేల చూస్తూ. "పందికొక్కులు..."

"యాడివి మరిదీ? పందికొక్కుకు మాత్రం ఊపిరొద్దా?"

"అంటే మామ చెప్పింది నిజమేనా!"

"మామ ఎప్పుడు అబద్ధమాడినాడు? నిజం నీ చెవికాడికొచ్చి తలుపు తట్టింది. నువ్వే గడియ పెట్టుకుంటివి. కడుపు నిండితే కాలు లేస్తాదని శాస్త్రం చెప్తివే, లేయలేదేమి?"

ఊరి వైపు నుంచి కుక్క మొరుగు వినపడింది. గుట్టయ్య తోక కాళ్ల మధ్య పెట్టుకుని, రెండడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ గుట్ట దారి పట్టాడు.

ఆ రోజు నుంచి చుక్కలమ్మ చివరోణ్ణి పొద్దు సగం రెక్క కిందే పెట్టుకుంది. మామ మాట పొల్లు పోలేదు. వాన కాలం ముగిసేసరికి వాడు అన్నలను తరిమి కొట్టేంతయ్యాడు. సుద్దన్నకు మాట్లాడాలనిపించినప్పుడు చుక్కలమ్మ ఇప్పుడు పురుగుల వేట కూడా మానుకుని కూర్చుంటుంది. ఆవలింత వస్తే మాత్రం రెక్క అడ్డం పెట్టుకుంటుంది.

గుట్టయ్య మళ్లీ కల్లంలో అడుగు పెట్టలేదు. ఎప్పుడైనా వాగు అవతల నిలబడి, "మామా, ఈ బావిలో గాలుందా?" అనో, "ఈ బొరియలో దూరొచ్చా?" అనో కేకేసి అడుగుతాడు. సుద్దన్న తొందరపడడు. జవాబు నాలుగు పొట్టలు తిరిగి వచ్చేదాకా ఆ నక్క ఎండలో నిలబడే ఉంటాడు.

గాలి చొరని పాతరలో దీపం నిలవదు, మాట చొరని చెవిలో తెలివి నిలవదు.